ఎడమచేతికి వేరే కొలత

"కత్తెర కింద పెట్టు! నీకు దణ్ణం పెడతాను, ముందు ఆ కత్తెర కింద పెట్టమ్మా!"

అమ్మ కేక విని, ముందుగదిలో మిషన్ మీదున్న గుడ్డ అలాగే వదిలేసి పరిగెత్తాను. వదిన మంచం అంచున కూర్చుని ఉంది. ఒంటి మీద నేను కుట్టిన కొత్త నీలం కోటు. కుడిచేతిలో నా పెద్ద కత్తెర. ఎడమచేతి మణికట్టు దగ్గర మొదలుపెట్టి మోచేతి దాకా కోటుని చీల్చేసింది, ఇంకా పైకి పోతోంది.

హడలిపోయాను. కోటు కోసం కాదు. కోటు పోతే ఇంకోటి. ఆ చేతికి చిన్న గాటు కూడా పడకూడదు. రొమ్ము ఆపరేషన్‌లో చంకలో గ్రంథులు కూడా తీసేశారు. అప్పట్నుంచి ఆ చేతిలో నీరు కదలక, చేరిపోయి వాస్తుంది. సూది గుచ్చుకున్నా జ్వరం తన్నుకొస్తుంది. మొన్న ఆ మధ్య గులాబీ ముల్లు గీరుకుంటే వారం రోజులు ఆసుపత్రిలో పడుకుంది. అలాంటి చేతి మీద జానెడు బ్లేళ్ళ కత్తెర!

"ఎవరూ మాట్లాడకండి. నేను నవ్వితే చెయ్యి కదులుతుంది," అంది వదిన.

నవ్వట! చూశారా మనిషి వరస. మేమిద్దరం ఊపిరి బిగబట్టుకుని నిలబడితే ఆవిడ మాత్రం మొండి మొన కిందికి పెట్టి, నాలుక కొంచెం బయటికి పెట్టి, బడిపిల్ల బొమ్మ కత్తిరించినట్టు భుజం దాకా కత్తిరించేసింది. కోటు చెయ్యి రెండుగా విడిపోయింది. లోపల్నించి ఎర్రగా, నిగనిగలాడుతూ చెయ్యి బయటపడింది. నా కుట్లన్నీ దాని మీద అచ్చుపడి ఉన్నాయి.

"హమ్మయ్య," అని ఆ చేతిని రెండు దిండ్ల మీద ఎత్తి పెట్టుకుంది. "ఏమే టైలరమ్మా, నీ కోటు కరుస్తుందే."

"మేజోడు ఏది?" అన్నాను.

మేజోడంటే డాక్టరమ్మ రాసిచ్చిన బిగుతు తొడుగు. మణికట్టు నుంచి భుజం దాకా చేతిని పట్టి ఉంచుతుంది. పొద్దున్నే వేసుకోవాలి, పడుకునేముందు తియ్యాలి. దానికి ఆ పేరు అమ్మ పెట్టింది.

"బీరువాలో ఉంది. అది వేసుకుంటే నీ కోటు ఎక్కలేదు. సోమవారం నుంచి డ్యూటీ కదా, ఒక గంట కోటు అలవాటు చేసుకుందామని మేజోడు తీసేశాను. ఇస్త్రీ పెట్టుకున్నాను. గంట కాస్తా మూడు గంటలైంది. చెయ్యి వాచిపోయి, ఆ తర్వాత ఇది రానంది."

"ఎందుకు ఎక్కదు? రెండు వేళ్ళు వదులు పెట్టాను కదా!"

"దేని మీద రెండు వేళ్ళు?"

దానికి జవాబు చెప్పాలంటే నిజం చెప్పాలి.

మా పనిలో ఒక అలవాటు ఉంది. గుడ్డ మడిచి రెండు చేతులూ ఒకేసారి కత్తిరిస్తాం. అందుకని ఒక చెయ్యే కొలుస్తాం, అదీ కుడిచెయ్యి. ఇరవై రెండేళ్ళుగా నేను ఎవరి ఎడమచెయ్యీ కొలవలేదు. అలవాటు, పొరపాటు అని తప్పించుకోవచ్చు. కానీ టేపు పట్టుకుని వదిన ముందు నిలబడ్డ రోజు నా చెయ్యి అటు వెళ్ళబోయింది. వెళ్ళబోయి ఆగిపోయింది. అడిగితే బాధపడుతుందేమో అని నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. నాకే భయం వేసింది.

"కుడిచెయ్యి కొలిచావు," అంది వదిన మెల్లిగా. "నాకు తెలుసు. కొలుస్తుంటే చూస్తూనే ఉన్నాను."

"మరి చెప్పచ్చు కదా వదినా!"

"నువ్వు అడుగుతావేమోనని చూశాను."

నా తల కొట్టేసినట్టయింది.

అప్పుడే అన్నయ్య వచ్చాడు. బస్ డిపోలో టైంకీపరు, శనివారం ఒంటిపూట. గుమ్మంలో చెప్పులు విప్పుతూనే మంచం మీద చీలిన కోటు, దిండ్ల మీద చెయ్యి చూశాడు. చెయ్యి చూశాడని అనకూడదు. చూపు అటు పోయి వెంటనే కిటికీ మీదికి మళ్ళింది.

"ఇందుకే చెప్పాను," అన్నాడు కిటికీతో. "ఆ కౌంటరు వద్దు, ఆ కోటు వద్దు. లోపలి గదిలో ఫైళ్ళు చూసుకోమని వాళ్ళే అంటున్నారు. ఫ్యాను కింద కూర్చోవచ్చు. ఏ బట్టలైనా వేసుకోవచ్చు. ఎవరూ రారు, ఎవరూ అడగరు."

"నేనూ అదే చెప్తున్నాను," అంది అమ్మ. "లేదా పైన ఒక శాలువా కప్పుకోమను."

"అత్తయ్యా, ఒక చేత్తో శాలువా పట్టుకుంటే టికెట్టు నోటితో ఇవ్వనా?"

అమ్మకి నవ్వొచ్చింది. కానీ కొడుకు ముందు నవ్వకూడదని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మా వదినది రైల్వే స్టేషన్‌లో బుకింగ్ కౌంటరు. పద్దెనిమిదేళ్ళుగా మూడో నంబరు. రోజూ వెళ్ళొచ్చేవాళ్ళు ఆవిడని 'మూడో కిటికీ' అనే పిలుస్తారు. పక్క కిటికీ ఖాళీగా ఉన్నా ఆవిడ దగ్గరే వరస కడతారు, ఎందుకంటే ముసలివాళ్ళ మీద విసుక్కోదు, ఏ బండి ఎక్కడ మారాలో కాగితం మీద రాసిస్తుంది. ఆ అద్దానికి కింద అర్ధచంద్రంలా సందు ఉంటుంది. మొహం మసగ్గా కనిపిస్తుంది. లోకానికి బాగా కనిపించేవి ఆవిడ రెండు చేతులే.

ఆ చేతులే ఇప్పుడు మా ఇంట్లో గొడవ.

"ఏడాదిన్నరగా ఎవరూ రాని గదిలోనే ఉన్నాను కదండీ," అంది వదిన అన్నయ్యతో. "ఇక చాలు."

అన్నయ్య వంటింట్లోకి నడిచాడు. కంచం ముందు కూర్చున్నాడు. తిన్నాడో కలిపాడో అతనికే తెలియాలి.

వదిన లేచింది. బీరువా తలుపులు బార్లా తీసింది. కుడిచేత్తో ఒక్కొక్క బట్టా లాగి మంచం మీద పడెయ్యడం మొదలుపెట్టింది.

"ఇది తల మీంచి దూర్చుకోవాలి, చెయ్యి పైకెత్తలేను, పో. ఇది చేతి చివర ఎలాస్టిక్, రబ్బరుబ్యాండు కట్టినట్టే, పో. ఇది మణికట్టు దగ్గర గుండీ. ఇది సిల్కు, మేజోడు మీద నిలవదు, జారుతుంది. ఇది..."

చేతిలో ఆకుపచ్చ బట్ట దగ్గర ఆగింది. పొట్టి బిగుతు చేతులది. ఆపరేషన్‌కి ముందు నేనే కుట్టాను. అది వేసుకుంటే అద్దం ముందు నుంచి కదిలేది కాదు. దాన్ని ఒకసారి మొహానికి ఆనించుకుని నా మీదికి విసిరింది.

"నువ్వు తీసుకో. నీకు నప్పుతుంది. ఏడవకు, మరక పడుతుంది."

"నేనేం ఏడవట్లేదు."

"సరే, నీ కళ్ళకి చెమటపట్టింది."

కుప్ప అడుగున లోపలి బట్టలు కనిపించాయి. తీసి చూశాను. రొమ్ము తీసేసిన వైపు పెట్టుకునే మెత్త జారకుండా లోపల జేబు కుట్టి ఉంది. భుజం మీద సన్నపట్టీ దిగితే నీరు ఆగిపోతుందని పట్టీలు రెండు వేళ్ళ వెడల్పు చేసి ఉన్నాయి. కుట్టు వంకరటింకరగా ఉంది. దారం మాత్రం నాది.

"ఇవెవరు కుట్టారు?"

"నేనే. నువ్వు బజారుకెళ్ళినప్పుడల్లా నీ మిషన్ మీద. నీకు రెండు సూదులు విరిగి కనిపించలేదూ? నేనే విరిచాను."

ఇంట్లో టైలర్ని పెట్టుకుని మనిషి దొంగతనంగా కుట్టుకుంది! నాకు సిగ్గు, కోపం, ముద్దు అన్నీ కలిసి వచ్చాయి. ఇంతకాలం ఈ మనిషికి ఏదో నేనే ధైర్యం చెప్తున్నానని అనుకున్నాను. ఎంత పిచ్చిదాన్ని!

"లే వదినా," అన్నాను. "ముందుగదిలోకి పద. కొలుస్తాను."

"నిజంగానా?"

"నోరు మూసుకుని రా."

ముందుగదిలో స్టూలు మీద కూర్చోబెట్టాను. గంటన్నరసేపు దిండ్ల మీద ఉండటంతో ఎరుపు కాస్త తగ్గింది. టేపు పట్టుకున్నాను. నేను ఎదురుగా కూర్చోగానే ఆవిడే చెయ్యి నా ఒళ్ళో పెట్టేసింది. బరువుగా, వెచ్చగా ఉంది. మామూలు చెయ్యే. మా వదిన చెయ్యే. దీనికా నేను ఇన్నాళ్ళూ జడిశాను!

"మణికట్టు. మోచేతికి కింద. మోచెయ్యి. పైన రెండు చోట్ల," అంటూ ఆవిడే నాకు పాఠం చెప్పింది. "మేజోడు వేసుకున్నాక ఒకసారి కొలువు. పొద్దున ఒక కొలత ఉంటుంది, సాయంత్రం ఇంకోటి. పెద్దది రాసుకో. ఎండరోజైతే ఇంకో వేలు కలుపు."

"ఇదేం చెయ్యి తల్లీ, పూటకో మాట మాట్లాడుతుంది!"

"మీ ఇంటి కోడలి చెయ్యి కదే."

బీరువాలోంచి మేజోడు తెచ్చింది. నాకు తెలిసిందేమో చర్మం రంగుది. ఇది వంకాయరంగు! నిగారింపుగా, కొత్తగా ఉంది. రబ్బరు గ్లవ్స్ వేసుకుని, నేను పట్టుకోబోతే వద్దని, మణికట్టు నుంచి కొద్దికొద్దిగా పైకి నెట్టుకుంటూ పళ్ళబిగువున ఎక్కించుకుంది. పది నిమిషాలు పట్టింది. రోజూ పొద్దున్నే తలుపేసుకుని ఒక్కతే చేసే పని ఇదన్నమాట.

"ఈ రంగేమిటి వదినా?"

"చర్మం రంగుది వేసుకుంటే కాలిందా, కట్టు కట్టారా అని అడుగుతారు. దీన్ని చూస్తే ఎక్కడ కొన్నావని అడుగుతారు. డాక్టరమ్మ దగ్గర పుస్తకం చూసి నేనే ఎంచుకున్నాను. రంగు వేరు, బిగుతు అంతే."

నేను గుడ్డ పరిచాను. ఇంకో కోటుకి తీసి పెట్టిన నీలం గుడ్డ ఉంది. అలవాటు చావదు కదా, మళ్ళీ మడత వేశాను.

"రెండు చేతులూ వదులుగా పెట్టేస్తాను," అన్నాను. "రెండూ ఒకేలా ఉంటే తేడా తెలీదు."

"నా కుడిచెయ్యి ఏం పాపం చేసిందే, దానికీ గోనెసంచి తొడుగుతావు?"

సుద్దముక్క చేతిలోనే ఆగిపోయింది.

"అది దాని కొలతకి, ఇది దీని కొలతకి," అంది. "ఎడమ వైపు మోచేతి దాకా చాలు. కింద మేజోడు కనపడనీ. కోటు నీలంగా ఉండాలని రూల్లో ఉంది కానీ, రెండు చేతులూ కవలపిల్లల్లా ఉండాలని లేదు. ఉందేమోనని చదివాను."

ఇరవై రెండేళ్ళలో మొదటిసారి మడత విప్పేసి గుడ్డ ఒంటిపొరగా పరిచాను. ఎడమచెయ్యి ఒక్కటీ దాని కొలతకి గీశాను. చంక కింద కుట్టు ఒరుసుకోకుండా అక్కడ మెత్తటి ముక్క వేసి, కుట్టు వెనక్కి జరిపాను. ముందు అన్నీ గుండీలు, తల మీంచి దూర్చే పనే లేదు. చీల్చిన కోటు మొండెం బాగానే ఉంది కాబట్టి ఎడమచెయ్యి మాత్రం మార్చితే సరి. చీలిపోయిన చెయ్యి ఊడదీసి కచ్చాకుట్టుతో కొత్తది తగిలించి తొడిగాను.

వదిన అద్దం ముందు నిలబడింది. కుడివైపు మణికట్టు దాకా ఇస్త్రీ మడతలాంటి చెయ్యి. ఎడమవైపు మోచేతి దగ్గర ఆగిన నీలం, అక్కణ్ణుంచి వంకాయరంగు. ఎక్కడా దాపరికం లేదు. రెండు చేతులూ పైకి, కిందికి, ముందుకి ఆడించింది. కిటికీ సందులోంచి టికెట్టు ఇచ్చినట్టు నా వైపు చెయ్యి చాపింది.

అబ్బ, ఎంత బాగుందో! నేను కుట్టానని కాదు, ఆ మనిషి అలా నిలబడింది.

"అత్తయ్యా! ఒకసారి రండి."

అమ్మ వచ్చింది. చూసింది. చుట్టూ ఒకసారి తిరిగింది. "మేజోడు రంగు బాగుంది," అంది చివరికి. "మోకాళ్ళకి కూడా ఈ రంగులో దొరుకుతాయా?"

ముగ్గురం పడీపడీ నవ్వాం. నవ్వుతూ ఉండగానే గుమ్మంలో అన్నయ్య ఉన్నాడని చూశాను.

"ఎలా ఉందండీ?" అంది వదిన. "సోమవారం ఇదే వేసుకుని కూర్చుంటాను."

"సోమవారం నీకు ఆ సీటు లేదు," అన్నాడు అన్నయ్య.

అమ్మ నవ్వు సగంలో ఆగిపోయింది.

"నిన్న మీ సూపరింటెండెంటు ఫోన్ చేశాడు. నువ్వు స్నానానికి వెళ్ళావు. కౌంటరా, లోపలి గదా, ఏం రాయమంటారని అడిగాడు. లోపలి గదే రాయండన్నాను."

వదిన కోటు గుండీ ఒకటి పెట్టుకుంది. ఇంకోటి పెట్టుకుంది.

"నన్ను అడగాలనిపించలేదా?"

"అడిగితే నువ్వు ఏమంటావో తెలుసు. నీ మంచికే చేశాను. రోజుకి వెయ్యిమంది వస్తారు అక్కడికి. ఒక్కొక్కడూ ఆ చేతినే చూస్తాడు. గుచ్చి గుచ్చి చూస్తాడు. ఆ చూపులు నువ్వు తట్టుకోలేవు."

"ఎవరు తట్టుకోలేనిది? వాళ్ళు చూస్తే నేనా, నేను చూపిస్తే మీరా?"

అన్నయ్య మళ్ళీ కిటికీ వైపు తిరిగాడు.

"ఏడాదిన్నర అయింది," అంది వదిన. గొంతు పెంచలేదు, పెంచినా బాగుండేది. "మీరు మందులు తెచ్చారు, ఆసుపత్రిలో నేల మీద పడుకున్నారు, నా కోసం సెలవులన్నీ పోగొట్టుకున్నారు. కాదనను, చచ్చేదాకా మరిచిపోను. కానీ ఈ చెయ్యి ఒక్కసారి చూశారా? ఒక్కసారి పట్టుకున్నారా? మంచం మీద కూడా కుడివైపుకి మారిపోయారు."

అమ్మ అక్కణ్ణుంచి మెల్లిగా లోపలికి వెళ్ళిపోయింది. నేనూ వెళ్ళాల్సింది. ఉండిపోయాను. ఆ మాట నాకూ తగిలింది, కాకపోతే నేను ఇందాకే కొలిచాను.

"నొప్పి పెడుతుందేమోనని..." అన్నాడు అన్నయ్య.

"అడిగితే చెప్పేదాన్ని."

వదిన ఫోన్ తీసి, స్పీకరు పెట్టి, సూపరింటెండెంటుకే కలిపింది.

"నమస్కారం సార్. మూడో కిటికీని."

"అమ్మా, ఎలా ఉన్నారు? మీ ఆయన చెప్పారు. లోపలి గదిలో మీకు మంచి కుర్చీ కూడా వేయించాను."

"కుర్చీకి థ్యాంక్స్ సార్. నాకు నా కిటికీయే కావాలి."

అవతల కాగితాలు తిప్పిన చప్పుడైంది. "అయ్యో. మూడో నంబరుకి వేరే ఆవిడ పేరు రాశానమ్మా. ఆర్డరు నాలుగింటికి పైకి పంపాలి. ఒకసారి వెళ్ళిందంటే ఆరు నెలలు కదిలించలేను. మీరే స్వయంగా వచ్చి రాసిస్తే ఆపుతాను. ఫోన్లో మాట మీద ఆపితే, నిన్న ఫోన్లోనే కదా ఒప్పుకున్నారని నన్నంటారు."

గడియారం చూశాను. మూడూ పదిహేను. స్టేషన్‌కి నడక పాతిక నిమిషాలు.

"వస్తున్నాను సార్."

"కోటు విప్పు వదినా, మిషన్ మీద ఒక్క కుట్టు వేసి ఇస్తాను. అది ఉత్త కచ్చాకుట్టు, ఊడిపోతుంది!"

"విప్పి, తొడిగి, మళ్ళీ... టైం లేదు. ఇలాగే కుట్టు."

ఆ చేతి మీద సూది! కుట్టనన్నాను. ఆవిడ నా కళ్ళలోకి చూసి, అయితే ఇలాగే వెళ్తానంది. కచ్చాకుట్టు కోటుతో, తెల్ల దారాలు వేలాడుతూ, సంచి కుడిభుజానికి తగిలించుకుని, జుట్టు ఒకసారి సర్దుకుని గుమ్మం వైపు నడిచింది. ఏ పట్టాభిషేకానికి వెళ్ళే రాణీ అంత దర్జాగా నడిచి ఉండదు. నా వదిన అని వీధంతా వినపడేలా అరవాలనిపించింది.

అన్నయ్య దారికి అడ్డంగా ఉన్నాడు. పక్కకి జరిగాడు. తర్వాత గబగబా చెప్పుల కోసం వంగాడు.

"నేనూ వస్తాను. తప్పు నాదేనని మీ సారుకి చెప్తాను."

వదిన మెట్ల మీద ఆగింది. వెనక్కి తిరిగింది.

"ఆయనకెందుకండీ చెప్పడం? నా చెయ్యి చూడటానికి జంకేది ఆయన కాదు."

అని మెట్లు దిగి వీధిలోకి వెళ్ళిపోయింది. అన్నయ్య ఒక కాలికి చెప్పు తొడుక్కుని, రెండోది చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు.